ఆ మూడో రోజు ఖాళీ రోజు కాదు

ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగు సంఘం వార్షిక సంచికలో మా స్విట్జర్లాండ్ ప్రయాణం గురించి ఇదివరకే ఒక వ్యాసం వచ్చింది. రాసింది నార్తాంప్టన్ శ్రీనివాస్. అందులో ఆరు తప్పులున్నాయని నేను సంపాదకవర్గానికి రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఉగాది కార్యక్రమంలో ఎదురుపడినప్పుడు నేరుగా అడిగాను. "చూస్తామండీ, ముందు భోజనం చెయ్యండి" అని నా చేతిలో ప్లేటు పెట్టారు. ఆ పూట నేను తినలేదు. దాన్ని కూడా ఎవరూ గమనించలేదు.

ఈలోగా రీడింగ్ నుంచి నాటింగ్‌హామ్ దాకా యూరప్ వెళ్ళాలనుకున్న మనవాళ్ళంతా శ్రీనివాస్‌కే ఫోన్ చేసి సలహా అడుగుతున్నారు. ఆ ప్రయాణంలో కారు నడిపినవాణ్ణి, వాతావరణం చూసినవాణ్ణి, దిగిన ప్రతిచోటా పులిహోర డబ్బా మోయాల్సి వచ్చినవాణ్ణి నేను. నన్ను ఒక్కరూ అడగలేదు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను. ఈసారి వేస్తామన్నారు. అచ్చులో చూసేదాకా నమ్మను.

రీడింగ్: రెండు అక్టోబర్ల నోటు పుస్తకం

2005 ఆగస్టు చివర నా భార్య కల్యాణి వాళ్ళ పిన్ని అనసూయమ్మగారు రెండు నెలలు ఉండడానికి మా ఇంటికి వచ్చారు. ఆవిడ తెనాలిలో బాలికల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. నాకు వరసకి అత్తగారు. మోకాళ్ళు అరిగిపోయాయి. విమానంలో పడ్డ అవస్థ చూసుకొని, ఇంత దూరం రావడం ఇదే మొదలు, ఇదే ఆఖరు అని వచ్చిన రోజే చెప్పేశారు. లండన్ చూపిస్తామంటే ఊఁ అన్నారు. గుడికి తీసుకెళ్తామంటే ఊఁ అన్నారు. ఆవిడ నోటితో అడిగింది ఒక్కటే. అదీ ఇండియాలో ఉండగానే, ఫోన్లో, కల్యాణి పక్కన లేనప్పుడు నన్ను అడిగారు.

"అడక్కూడదు గానీ బాబూ, మీకు దగ్గర్లో హిమానీనదం ఏదైనా ఉందా? ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద గీశాను. నల్ల బోర్డు, తెల్ల సుద్దముక్క. అసలు అది ఏ రంగులో ఉంటుందో చూళ్ళేదు."

ఇంగ్లండులో లేదని, స్విట్జర్లాండులో ఉందని చెప్పాను. "ఆలెష్" అన్నారు వెంటనే. ఆల్ప్స్‌లోకెల్లా పొడవైనది అదేనట. పాఠంలో ఉండేదట.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను పని చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. ఎక్కడ ఏది చెడుతుందో ముందే రాసిపెట్టడం నా ఉద్యోగం. అంతకుముందు రెండేళ్ళు స్విట్జర్లాండు వెళ్దామనుకొని వెళ్ళలేకపోయాం. ఆ రెండు అక్టోబర్లూ రోజూ సాయంత్రం ఇంటర్నెట్‌లో ఆ కొండల వాతావరణం చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఏ రోజు ఎండ, ఏ రోజు వాన, ఏ రోజు కింద పొగమంచు ఉండి పైన ఎండగా ఉంది, అన్నీ. దాన్నిబట్టి తేలింది ఏమిటంటే, ఆ నెలలో కొండ మీద రోజంతా తెరిపిచ్చే రోజులు వరసగా రావు. రెండు రోజులు మూసుకుంటే ఒకరోజు తెరుచుకుంటుంది. అందుకని అక్కడ నాలుగు రాత్రులైనా ఉండాలి, ఏ రోజు కొండెక్కాలన్నది ముందు పెట్టుకోకూడదు, పొద్దున లేచి ఆకాశం చూసి పెట్టుకోవాలి. పారిస్ ఎప్పుడైనా చూడొచ్చు. కొండని మాత్రం అది ఒప్పుకున్న రోజే చూడాలి.

అప్పటికి స్విట్జర్లాండ్, చాలా యూరప్ దేశాలకి ఒకే వీసా ఉండే షెంగెన్‌లో లేదు. అత్తయ్యగారు రెండు వీసాలూ ఇండియాలోనే వేయించుకొని వచ్చారు. ఆవిడ స్విస్ వీసాలో ఉన్నవి అక్టోబర్ మొదటి పదిహేను రోజులే. మాకు వెసులుబాటు అంతే.

నార్తాంప్టన్: శ్రీనివాస్ పట్టిక

మేం ముగ్గురమే వెళ్ళి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. శ్రీనివాస్ నాకు కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి స్నేహితుడు. ఏడుగురు పట్టే కారు అద్దెకు తీసుకుంటే అందరికీ కలిసొస్తుందని అతనే అన్నాడు. అతని భార్య రాధ ఒక కేర్ హోంలో నర్సు. డ్యూటీల రోటా ప్రకారం ఆమెకి సెలవు దొరికిందీ సరిగ్గా ఆ రోజుల్లోనే. వాళ్ళమ్మాయి మేఘన తొమ్మిదేళ్ళది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. దాని స్కూలు హెడ్ టీచర్‌కి ఉత్తరం రాసి సెలవు అడిగారు. ఇంత కుదిరాక కాదనడానికి నాకు నోరు రాలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం వాళ్ళింట్లో కూర్చొని అనుకున్నాం. ఫ్రాన్స్ మీదుగా వెళ్ళి స్విట్జర్లాండ్‌లో ఐదు రాత్రులు, ఆస్ట్రియా, జర్మనీ మీదుగా వెనక్కి. శ్రీనివాస్ ఎక్సెల్‌లో పట్టిక వేశాడు. ఏ గడిలో ఏముందో రంగులతో సహా. స్విట్జర్లాండ్ మూడో రోజు గడిలో నేను స్వయంగా టైపు చేశాను: "ముందు రెండు రోజులు వాన పడితే కొండకి." అప్పుడు అక్కడ పెద్దవాళ్ళం ఐదుగురం ఉన్నాం. అందరూ చూశారు.

వారం తర్వాత ఈమెయిల్లో పట్టిక వచ్చింది. ఆ గడిలో నా వాక్యం లేదు. "లంచ్, ప్రభాకర్ వాళ్ళింట్లో, బెర్న్" అని ఉంది.

ప్రభాకర్ అంటే కాలేజీలో మాకు జూనియర్. నేనతన్ని కాలేజీలో చూసిన గుర్తు కూడా లేదు. ఏ రోజు వీలవుతుందని అతను శ్రీనివాస్‌ని అడిగాడట. మొదటి రెండు రోజుల గడుల్లోనూ, నాలుగో రోజు గడిలోనూ జలపాతాలు, సరస్సులు, బజార్లు నిండుగా రాసున్నాయి. మూడోది శ్రీనివాస్‌కి ఖాళీగా కనిపించింది. మనవాళ్ళకి ఖాళీ రోజంటే అర్థం ఒక్కటే, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళే రోజు. వానకోసం ఒక రోజుని ఊరికే వదిలిపెట్టి ఉంచడం అనేది మన లెక్కలో లేదు.

నేను మూడు ఈమెయిళ్ళు రాశాను. మొదటిది మర్యాదగా, రెండోది నోటు పుస్తకంలో లెక్కలతో, మూడోది కొంచెం గట్టిగా. దేనికీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే, "అప్పటికి చూద్దాంలేరా, వాన పడుతుందని రాసిపెట్టి ఉందా ఏంటి" అన్నాడు.

రాసిపెట్టే ఉంది, నా నోటు పుస్తకంలో.

రాంస్: రొట్టెల దుకాణంలో

డోవర్‌లో పడవెక్కి ఫ్రాన్సులో దిగాక కుడి పక్కన కారు నడపడం మొదటి గంట భయంగానే ఉంటుంది. వెనక నుంచి శ్రీనివాస్ ప్రతి రౌండెబౌట్ దగ్గరా "రైట్, రైట్" అంటూంటే ఆ భయం రెండింతలవుతుంది. రాత్రికి రాంస్ చేరాం.

పొద్దున హోటలు పక్కన రొట్టెల దుకాణానికి వెళ్ళాను. మాంసం లేనిది కావాలని దుకాణం ఆవిడకి సైగలతో చెబితే, ఆవిడ ఒక్కొక్క బన్ను తీసి, వాసన చూసి, తల అడ్డంగా ఊపుతూ పక్కన పెట్టింది. ఆఖరికి ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చినది ఒకటి చూపించింది. అత్తయ్యగారికని చెప్పడానికి వయసైన మనిషిలా నడుము వంచి చూపించాను. ఆవిడ నవ్వి ఇంకొకటి ఊరికే వేసింది. ఇంగ్లండులో ఇన్నేళ్ళున్నా నాకు ఎవరూ ఒక్క బిస్కెట్టు ఊరికే ఇవ్వలేదు. ఒక కాఫీకి రెండున్నర యూరోలు తీసుకున్నారు గానీ ఆ కాఫీ కప్పు మన అగ్గిపెట్టెంత ఉంది. దారిలో పెట్రోలు బంకుల దగ్గర బాత్రూముకి యాభై సెంట్లు. అత్తయ్యగారు దానికి ఒప్పుకోక రెండు బంకులు దాటేదాకా ఆగారు. మూడో దాని దగ్గర నేనే దబాయించి కారు ఆపాల్సి వచ్చింది.

ఇంటర్‌లాకెన్: రెండు రోజుల వాన

స్విస్ సరిహద్దులో హైవే స్టిక్కరుకి నలభై ఫ్రాంకులు కట్టించుకున్నారు. అక్కడి నుంచే వాన మొదలైంది.

మేం దిగినది ఇంటర్‌లాకెన్ బయట, ముసలి దంపతులు నడిపే చిన్న హోటల్లో. హోటలావిడ పేరు నాకు పలకడం రాదు. పొడుగ్గా, మన హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంటుంది. రైస్ కుక్కర్ తెచ్చుకున్నాం గానీ, ఇంగ్లండులో కొన్న యూరప్ ప్లగ్గు స్విట్జర్లాండు సాకెట్లలో పట్టదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. అది ఫ్రాన్సులో పట్టింది, తర్వాత ఆస్ట్రియాలోనూ పట్టింది, వీళ్ళ దగ్గర మాత్రం పట్టలేదు. హోటలావిడ కుక్కరు వైపు, మా వైపు కాసేపు చూసి వంటింట్లోకి తీసుకుపోయి తన పొయ్యి మీద అన్నం వండుకోమంది. గదిలో వండుకోవడానికి లేదని గోడ మీద రాసి ఉంది. దాని సంగతి ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

హోటల్ ముందుగదిలో ఒక టీవీ ఉంది. అందులో పొద్దున ఏడింటికల్లా కొండలపైన పెట్టిన కెమెరాల దృశ్యాలు ఒకటి తర్వాత ఒకటి చూపిస్తారు. మొదటి రోజు, ఆలెష్ చూడాలంటే మేం ఎక్కాల్సిన యూంగ్‌ఫ్రౌ కొండ మీది కెమెరాలో తెరంతా తెలుపు. రెండో రోజూ అంతే. అత్తయ్యగారు శాలువా కప్పుకొని ఆ టీవీ ముందు కుర్చీ వేసుక్కూర్చునేవారు. వేరే కొండలు వచ్చినప్పుడు కాఫీ తాగేవారు. ఆ కొండ వచ్చినప్పుడు కప్పు కింద పెట్టేవారు.

రెండో రోజు తెగించి కొండ మీదికి వెళ్ళే రైలు స్టేషన్‌కి వెళ్ళి టికెట్ ఇచ్చే అతన్ని అడిగాను. అతను కంప్యూటరు వైపు చూడకుండా, "ఈ రోజు మీకు టికెట్ అమ్మితే అది దొంగతనం" అన్నాడు. ఒక్కొక్కరికి నూట యాభై ఫ్రాంకుల పైనే. ఆ బేరం వదులుకొని నిజం చెప్పాడు. మన దగ్గరా, ఇంగ్లండులోనూ అలా చెప్పే కౌంటరు ఒక్కటి చూపించండి.

ఆ సాయంత్రం హోటలావిడ గుమ్మంలో నిలబడి పడమటి వైపు చూసి, వచ్చీ రాని ఇంగ్లీషులో అంది, రాత్రికి వాన ఆగుతుంది, రేపు పొద్దున్నించి సాయంత్రం దాకా బాగుంటుంది, ఎల్లుండి మళ్ళీ వస్తుంది అని. "రేపొక్కరోజే" అని వేలు చూపించింది. నేను పైకి పరిగెత్తి శ్రీనివాస్ గది తలుపు కొట్టాను. ప్రభాకర్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్యమన్నాను. పొద్దున చూద్దామన్నాడు.

మూడో రోజు పొద్దున

పొద్దున కిటికీ తెర తీస్తే నీలం. ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. ముందుగదిలోకి దిగేసరికి అత్తయ్యగారు అప్పటికే టీవీ ముందున్నారు. తెర మీద మొదటిసారి కొండ కనపడుతోంది. దాని కింద హిమానీనదం వెడల్పుగా, ముడతలు పడి, వంపు తిరిగి దిగిపోతోంది. ఆవిడ తెర వైపు వేలు పెట్టి గాల్లో ఆ వంపు గీశారు.

టిఫిన్ బల్ల దగ్గర అందరం ఉన్నాం. నేను కూర్చోకుండానే అడిగాను, ఇవాళ కొండకి వద్దన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని.

శ్రీనివాస్ బ్రెడ్డుకి జామ్ రాసుకుంటున్నాడు. మేఘన మాత్రం "ఐ వాంట్ ద మౌంటెన్, అంకుల్" అంది. రాధ దాని ప్లేటులో ఇంకో బ్రెడ్డుముక్క వేసింది.

"ప్రభాకర్ వాళ్ళు జ్యూరిక్ నుంచి గోంగూర తెప్పించారట్రా" అన్నాడు శ్రీనివాస్. "ఇప్పుడు రామంటే ఏం బాగుంటుంది, నువ్వే చెప్పు."

"రాత్రికి వస్తామని చెప్పు."

"మధ్యాహ్నానికి వండింది రాత్రికి పెడతారా?"

"పెడితే తింటాను. పెట్టకపోయినా తింటాను. ఫోన్ నాకివ్వు, నేనే చెబుతాను."

ఫోన్ ఇవ్వలేదు. రాధ కల్పించుకొని, "అన్నయ్యగారూ, ఆ అమ్మాయికి ఏడో నెలండి. పొద్దున్నే లేచి మొదలుపెట్టి ఉంటుంది, పాపం" అంది. ఈ ఏడో నెల సంగతి అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అసలు ఒప్పుకొనేవాణ్ణే కాదు. అంత బరువుతో ఉన్న మనిషి చేత ఆరుగురికి వంట చేయించడం ఎవరి మర్యాద?

అప్పుడు శ్రీనివాస్ చెయ్యకూడని పని చేశాడు. అత్తయ్యగారి వైపు తిరిగి, "ఆంటీ, మీరెలా అంటే అలా. మీరు చెప్పండి" అన్నాడు.

ఆవిడ చేత ఎవరూ "నాకు కావాలి" అనిపించలేరు. అది ఆ బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. శ్రీనివాస్‌కీ తెలుసు. తెలిసే అడిగాడు.

"ఏడో నెల అమ్మాయి వండి కూర్చుంటే మనం కొండలు చూడ్డానికి పోతామా బాబూ" అన్నారు ఆవిడ. నా వైపు తిరిగి, "కొండ ఎక్కడికి పోతుంది?" అన్నారు.

"కొండ ఎక్కడికీ పోదు అత్తయ్యగారూ. పోయేది మీరు" అన్నాను.

కల్యాణి బల్ల కింద నా కాలు తొక్కింది. పిన్ని ముందు గొడవ చెయ్యొద్దని తర్వాత మెట్ల మీద చెప్పింది. నేను చెయ్యలేదు. కారు తాళాలు తీసుకొని డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాను. ఆ కొండకి వీపు పెట్టి బెర్న్ దాకా నడిపింది నేనే. అద్దంలో అది దారంతా కనపడుతూనే ఉంది.

బెర్న్: బాల్కనీలో పాఠం

ప్రభాకర్, అతని భార్య సునీత చాలా మంచివాళ్ళు. వాళ్ళ మీద నాకే కోపమూ లేదని ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఇది చదివి ఎవరో ఒకరు వాళ్ళకి ఫోన్ చేస్తారు.

పన్నెండింటికి భోజనం అన్నారు. పన్నెండింటికి వడ్డించి ఉంటే, గబగబా తిని ఇంటర్‌లాకెన్ వెళ్ళి ఆఖరి రైలు అందుకోవచ్చని లెక్క వేసుకున్నాను. పన్నెండింటికి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఒంటిగంటకి టీ వచ్చింది. తర్వాత పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. అందులో ఉన్న అందరినీ శ్రీనివాస్ పేరుపేరునా అడిగి తెలుసుకున్నాడు. వడ్డించేసరికి రెండున్నర. గోంగూర పప్పు, పులిహోర, వంకాయ కూర, బొబ్బట్లు. అన్నీ బాగున్నాయి. అబద్ధం చెప్పను, గోంగూర నేను మారు వడ్డించుకున్నాను. ఆ కోపంలో ఎంత తిన్నానో నాకే తెలియదు.

వాళ్ళ ఫ్లాట్ ఐదో అంతస్తు. బాల్కనీలోంచి దూరంగా ఆ కొండల వరసంతా, ఈ చివర నుంచి ఆ చివరకి, తెల్లగా కనిపిస్తోంది. ప్రభాకర్ గర్వంగా చూపించాడు.

"ఇక్కణ్ణుంచే ఇంత బాగా కనపడుతుంటే అంతంత డబ్బు పోసి పైకెక్కడం దేనికండీ. మావాళ్ళు ఎవరొచ్చినా ఇక్కడే చూపించేస్తాం."

అత్తయ్యగారు కొంగు నిండా కప్పుకొని చాలాసేపు చూశారు. నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. కనీసం ఇలాగైనా చూశారు కదా అని నాకు నేను చెప్పుకోబోతున్నాను.

"అది అవతలి వైపుంటుంది బాబూ" అన్నారు, నాకొక్కడికే వినబడేలా. "మనం చూస్తున్నది ఉత్తరం. హిమానీనదం దక్షిణానికి దిగుతుంది. ఇటు నుంచి ఎంత చూసినా కనపడదు."

సునీత ఆయాసపడుతూ వచ్చి కుర్చీలో కూర్చొని, ఏం చూస్తున్నారండీ అని అడిగింది. అత్తయ్యగారు కాగితం అడిగారు. పాత క్యాలెండరు షీటు ఇస్తే వెనక తెల్లవైపు ఒళ్ళో పరుచుకొని, ఆ అమ్మాయికి గీసి చెప్పారు. మంచు ఏళ్ళ తరబడి ఎలా పేరుకుంటుందో, పేరుకున్నది తన బరువుకి తనే ఎలా జారుతుందో, జారుతూ రెండు పక్కలా రాళ్ళని ఎలా పోగుచేస్తుందో, దారిలో లోయని ఎలా తొలిచేస్తుందో. అరగంట చెప్పారు. ఆ గొంతు నేను అప్పటిదాకా వినలేదు. మా ఇంట్లో ఆవిడ మాట్లాడితే పక్కగదిలోకి వినబడదు. అక్కడ లోపల పేకాడుతున్న శ్రీనివాస్ కూడా తలెత్తి చూశాడు.

"మీరు చూశారాండీ దాన్ని?" అని అడిగింది సునీత.

"ఇవాళ పొద్దున టీవీలో చూశానమ్మా" అన్నారు.

నేను గడియారం చూశాను. నాలుగు దాటింది. ఆకాశంలో మబ్బుతునక లేదు.

కొండ మీద

నాలుగో రోజు హోటలావిడ చెప్పినట్టే వచ్చింది. కొండల సగం కిందికి మూసుకుపోయింది. పట్టికలో సరస్సు మీద పడవ, తర్వాత షాపింగు. మర్నాడు పొద్దున ఆస్ట్రియా ప్రయాణం. నేను మాత్రం కొండెక్కుతానన్నాను. శ్రీనివాస్ నవ్వాడు. "తెల్లగుడ్డ చూడ్డానికి మూడొందల ఫ్రాంకులా?" అన్నాడు. కల్యాణి మేఘనతో ఉండిపోయింది. నేనూ అత్తయ్యగారూ వెళ్ళాం. ఆవిడ వద్దు బాబూ, వద్దు బాబూ అంటూనే శాలువా మీద నా కోటు తొడుక్కున్నారు.

కౌంటర్లో మొన్నటి మనిషే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నిన్న ఎందుకు రాలేదు అని అడిగాడు. నిన్న భోజనానికి వెళ్ళామని ఎలా చెప్పను? చెప్పాను. అతనికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పినా అర్థం కాలేదు.

రైలు సొరంగంలోంచి ఎక్కీ ఎక్కీ పదకొండు వేల అడుగుల పైకి తీసుకెళ్ళింది. అద్దాల హాలు బయట ఏమీ లేదు. నా జీవితంలో అంత తెలుపు చూడలేదు. రైలు ఉద్యోగి ఒకాయన జాలిపడి, మా పక్కన నిలబడి, "ఆలెష్ అక్కడ" అని ఆ తెలుపులోకి చెయ్యి చూపించాడు. అత్తయ్యగారు ఆ చెయ్యి చూపించిన వైపే పావుగంట చూశారు. మబ్బు తొలుగుతుందేమోనని మూడు గంటలు కూర్చున్నాం. పెరుగన్నం డబ్బా తెరిచి తిన్నాం. పక్క బల్ల దగ్గర జపాన్ దంపతులు మాకు ఊరగాయేదో పెట్టారు, మేం మాది పెట్టాం. వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మానకుండా తిన్నారు.

దిగేముందు, కొండ లోపల ఆ హిమానీనదం మంచునే తొలిచి చేసిన గుహ ఉందంటే ఆవిణ్ణి పట్టుకొని నడిపించాను. నేల జారుతోంది. ఆవిడ ఒకచోట ఆగి చేతి తొడుగు తీసేసి గోడకి అరచెయ్యి ఆనించారు. చెయ్యి ఎర్రబడేదాకా తియ్యలేదు.

"ఇది నడుస్తోంది బాబూ" అన్నారు. "మనకి తెలీదు గానీ నడుస్తూనే ఉంటుంది."

శ్రీనివాస్ వ్యాసంలో ఈ సంగతి ఇలా ఉంది: "పెద్దావిడ మంచును తాకి చిన్నపిల్లలా మురిసిపోయారు." అతను అక్కడ లేడు. ఆ సమయంలో అతను కింద బజారులో గంటలు కట్టిన ఆవుబొమ్మ బేరమాడుతున్నాడు. ఆవిడ మురిసిపోలేదు. గోడ మీది నుంచి చెయ్యి తీసి, "లోపల కాస్త నీలంగా ఉంటుందన్నమాట" అన్నారు. అంతే అన్నారు. దాన్ని మురిసిపోవడం అనరు.

ఆస్ట్రియా, జర్మనీ

ఇన్స్‌బ్రుక్‌లో వాన. మ్యూనిక్‌లో వాన. అక్కడొక రెస్టారెంటులో కూరగాయలే అని నాలుగుసార్లు చెప్పి తెప్పించుకున్న సూపులో అడుగున మాంసం ముక్కలు తగిలాయి. చిన్నవే కదా అంది వడ్డించే పిల్ల. ఆస్ట్రియాలో రైస్ కుక్కర్ పనిచేసింది గానీ బియ్యం అయిపోయాయి. జర్మనీ హైవే మీద నేను నూట ఇరవైలో వెళ్తుంటే వెనక నుంచి వచ్చినవాళ్ళు లైట్లు కొట్టి నన్ను పక్కకి తోసేశారు. ఆఖరి రోజు బ్లాక్ ఫారెస్టులో మాత్రం బ్రహ్మాండమైన ఎండ. చుట్టూ చెట్లే. శ్రీనివాస్ కారు దిగి ఒళ్ళు విరుచుకొని, "చూశావా, వాతావరణం ఎంత బాగుందో, ఊరికే కంగారుపడతావు" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

డోవర్

తిరిగొచ్చాక డోవర్‌లో పాస్‌పోర్టు చూసే అమ్మాయి అత్తయ్యగారి స్విస్ వీసా చూసి, కొండలు బాగున్నాయా అని అడిగింది. ఆవిడ ఇంగ్లీషులోనే, "వెరీ నైస్. వెరీ గుడ్ పీపుల్" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి ముద్ర వేసింది. నాకు కౌంటరు మీద తల బాదుకోవాలనిపించింది.

రెండు వారాల తర్వాత ఆవిణ్ణి హీత్రోలో దించాను. తెనాలి చేరాక ఉత్తరాలు రాస్తున్నారు. మోకాలికి ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తున్నారు. విమానం ఎక్కే ప్రసక్తి లేదని డాక్టరు కాదు, ఆవిడే అంటున్నారు. ప్రతి ఉత్తరంలోనూ సునీతకి పుట్టిన పాప ఎలా ఉందో అడుగుతారు. హిమానీనదం మాట ఒక్కదాంట్లోనూ లేదు. ఆవిడ అడగదలచుకుంటే ఎంత చిన్న ఉత్తరంలోనైనా అడగగలరు. అందుకే ఆ మాట లేకపోవడం నేను పదేపదే చూస్తాను.

పోయిన నెల నేనే రాశాను. ఆ పొద్దున కారు తాళాలు నా చేతిలోనే ఉన్నాయని, ఆవిడ ఏమన్నా సరే స్టేషన్ వైపు తిప్పి ఉండాల్సిందని, అందరి ముందూ గొడవపడ్డానన్న పేరొస్తుందని భయపడి తిప్పలేదని రాశాను. నన్ను క్షమించమని అడిగాను. నా జీవితంలో ఎవరినీ అలా అడిగిన గుర్తు లేదు. ఆవిడ జవాబు రాశారు. ఏం రాశారో ఇక్కడ చెప్పను.

శ్రీనివాస్, నీకు ప్రభాకర్ నంబరు తెలుసు. ఫోన్ నీ చొక్కా జేబులో ఉంది. రెండు నిమిషాల పని. అది చెయ్యకుండా, ఆవిడ నోట "నాకు కావాలి" అన్న మాట రాదని తెలిసీ ఆవిణ్ణే ఎందుకు అడిగావు? ఈ ప్రశ్న నేను నిన్ను ఇంటర్‌లాకెన్ మెట్ల మీద అడిగాను, కారులో అడిగాను, మీ ఇంట్లో మేఘన పుట్టినరోజున అడిగాను. ప్రతిసారీ వేరే మాట ఎత్తావు. ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను. జవాబు నాకు అక్కర్లేదు, సంచికకీ అక్కర్లేదు. ఆవిడకి రాయి. నీ చేతిరాతతో, ఒక పేజీ చాలు. అడ్రసు నా దగ్గరుంది. ఫోన్ చేస్తే చెబుతాను, వేరే మాట ఎత్తితే పెట్టేస్తాను.